ఐర్లాండ్ గది కోసం అక్క ఇంట్లో సింహాసనాలు

పోయిన నెలలో నేను చేసిన ఘనకార్యం ఇప్పటికే మీ చెవిన పడుంటుంది. బేస్తవారిపేటలో బస్సెక్కి గిద్దలూరులో దిగేలోపు ఎవడో ఒకడు "ఏం దావీదు మామా, ఐర్లాండ్‌కి కుర్చీలు పంపినావంటనే" అని పలకరిస్తున్నాడు. వాళ్ళు మసాలా వేసి చెప్పకముందే నేనే చెప్పేస్తా, వినండి. ఐర్లాండ్ కాలేజీలో డబ్బు లేని పిల్లలకి ఇచ్చే హాస్టల్ గది అది. ఆ గది కోసం నేను మా అక్క ఇంటిని రాజుగారి దర్బారు చేసి చూపించినాను. సంగతి ఇంతే. కాకపోతే అది ఎట్లెట్ల జరిగిందో వింటేగానీ నా తెలివి మీకు పూర్తిగా అర్థం కాదు.

నాకు బేస్తవారిపేటలో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, స్టేజీ డెకరేషన్, అన్నీ నా దగ్గరే. ఇరవై రెండేళ్ళ అనుభవం. ఈ అనుభవంలో నేను నేర్చుకున్నది ఒకటే. జనం ముందు కుర్చీ చూస్తారు, ఆ తర్వాతే అందులో కూర్చున్న మనిషిని చూస్తారు. అందుకని పెళ్ళయినా, చర్చిలో ప్రతిష్ఠ కూడికయినా, చావయినా నాకు తోచే మొదటి ఆలోచన "ఎన్ని కుర్చీలు వేద్దాం" అని. డాక్టరుకి అందరూ రోగులుగా కనపడతారంటారే, ఇది అట్లాంటి జబ్బే.

మా అక్క సువార్తమ్మది పేటకి నాలుగు కిలోమీటర్ల అవతల ఊరు. మిరప చేలల్లో కూలికి పోతుంది. మా బావ ఏసుదాసు బేల్దారి. ఈ చుట్టుపక్కల సగం గోడలు ఆయన కట్టినవే, ఆయనకున్నది మాత్రం కాలనీలో రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా. మా అమ్మ కూడా అక్క దగ్గరే ఉంటుంది. ఊరందరికీ ఆమె అవ్వ. వీళ్ళ ఒక్కగానొక్క కూతురు రూతు. ఒంగోలులో డిగ్రీ చదివి, ఐర్లాండ్‌లో ఒక యూనివర్సిటీలో ఫుడ్ సైన్సులో సీటు తెచ్చుకుంది. మా ఇంటావంటా ఎవరూ కంభం దాటి చదివినోళ్ళు కాదు. ఫీజులో సగం యూనివర్సిటీ వాళ్ళే మాఫీ చేసినారు. మిగతా సగానికి, విమానం టికెట్టుకి బ్యాంకు ఒప్పుకుంది. ఇంతకు మించి రూపాయి కూడా రాదని మేనేజరు ముందే చెప్పేసినాడు.

మిగిలింది గది. అక్కడ గది అద్దె చెప్తే మీరు నమ్మరు. ఒక్క నెల అద్దెతో పేట సెంటర్లో రెండు గదుల ఇల్లు ఏడాది తీసుకోవచ్చు. పోనీ అదేమైనా ప్యాలెసా? ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. వంటగది అయిదుగురికి కలిపి ఒకటి. అవి కూడా దొరకట్లేదంట, డబ్బు చేత పట్టుకొని తిరిగేవాళ్ళకే దొరకట్లేదంట. అయితే యూనివర్సిటీ సొంత హాస్టల్లో కొన్ని గదులు సగం అద్దెకి ఇస్తారు. ఇంట్లోవాళ్ళు అద్దె భరించలేని పిల్లలకి మాత్రమే. హౌసింగ్ ఫండు అంటారు దాన్ని. ఆ గది వస్తే రూతు పోతుంది. రాకపోతే సీటు వదులుకోవాలి.

ఇదంతా రూతు నాకు వివరంగా చెప్పింది. చెప్పేటప్పుడు నేను ఫోన్లో ఒక పెళ్ళివాళ్ళతో స్టీలు గ్లాసుల గురించి గొడవ పడుతున్నాను. నా చెవిలో పడ్డవి మూడు ముక్కలే. ఇల్లు. ఫండు. మంగళవారం మూడున్నరకి వీడియో కాల్, ఇంటి దగ్గర నుంచే, ఇంట్లోవాళ్ళని కూడా పలకరిస్తారు.

ఈ మూడు ముక్కలు నా బుర్రలో పడి ఎట్ల ఉడికినాయో చూడండి. లోన్ కోసం పోతే బ్యాంకువాళ్ళు ఏం చూపించమన్నారు? ఆస్తి. వీసాకి ఏం చూపించాలంటారు? డబ్బు. మరి గది ఇచ్చేవాళ్ళు ఇల్లు చూస్తామంటే ఏం చూపించాలి? మంచి ఇల్లు. లేకపోతే ఈ పిల్ల మన గదిని ఎట్ల ఉంచుకుంటుందో అని అనుమానపడరా? ఇంత చక్కటి లాజిక్కు నాకు తప్ప ఇంకెవరికీ తట్టలేదని మురిసిపోయినాను కూడా.

మంగళవారం పొద్దున రూతు ఏదో సర్టిఫికెట్ పని మీద మార్కాపురం పోయింది. నేను ట్రాలీ ఆటోలో సామాను వేసుకొని అక్క ఇంటికి దిగినాను.

"ఏందిరా ఇదంతా? ఇల్లు ఊడ్చి, గడప కూడా కడిగిపెట్టినా గదా," అన్నది అక్క.

"అక్కా, నువ్వు పక్కకి జరుగు. ఇది నా లైను," అన్నాను.

ముందు గోడలు. బెత్తెడు గోడ కనపడకుండా బంగారు రంగు శాటిన్ పరదాలు కట్టినాను. బియ్యం బస్తా, ట్రంకు పెట్టె, బైబిల్ వాక్యం క్యాలెండరు, రూతు చదువుకునే చెక్క బల్ల, అన్నీ పరదా వెనక్కి పోయినాయి. కింద ఎర్ర కార్పెట్. అది ఇంటికంటే పొడుగు. మిగిలింది వీధిలోకి పరిచినాను. ఒక మేక వచ్చి దాని మీద హాయిగా పడుకుంది. పైన గొలుసుల లైటు. ఇక అసలైనవి, సింహాసనాలు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చుంటారే, చేతుల దగ్గర సింహం మొహాలతో, అవి. గుమ్మంలో పట్టలేదు. పట్టకపోతే వదిలిపెట్టే మనిషినా నేను? బావ చేత తలుపు ఊడదీయించి లోపలికి చేర్పించినాను.

ఒక సంగతి ఇప్పుడే ఒప్పుకోవాలి. ఆ సామాను ఆ సాయంత్రానికి రమణయ్యన్నకి బుక్కయ్యింది. ఆయన పక్క ఊళ్ళో రైతు, బోర్ల కింద బత్తాయి తోట ఉంది. కూతురికి ఓణీల ఫంక్షన్ చేస్తున్నాడు, ఆరు గంటలకి. ఆరు గంటల ఫంక్షన్ అంటే మన దగ్గర ఎనిమిదికి మొదలవుతుంది. నాలుగింటికి కాల్ అయిపోతుంది, అయిదుకల్లా సామాను చేర్చేయొచ్చు, ఎవరికీ తెలియదు అని నా లెక్క.

మూడు దాటినాక రూతు బస్సు దిగి వచ్చింది. గుమ్మం ముందు నిలబడిపోయింది. లోపల ఒక సింహాసనం మీద అవ్వ, కాళ్ళు నేలకి ఆనక గాల్లో వేలాడుతున్నాయి. ఇంకోదాని మీద నా తెల్ల చొక్కా తొడుక్కొని బావ, ఫోటో తీస్తున్నట్టు ఊపిరి బిగబట్టుకొని.

"మామా, ఇదేంది?"

"సర్‌ప్రైజ్."

"తీసెయ్ మామా. ఇప్పుడే తీసెయ్. వాళ్ళు చూసేది ఇది కాదు."

"టైం లేదమ్మా. నువ్వు చదువుకున్నావు గానీ, జనాన్ని చూసింది నేను."

"అది కాదు మామా, ఆ గది డబ్బు లేని..." అని ఏదో మొదలుపెట్టింది. అప్పుడే లాప్‌టాప్ మోగింది. ఆ లాప్‌టాప్ పాతది, బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు వైరు ఉంటేనే బతుకుతుంది. దాన్ని నా లైట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకే తగిలించినాను. నెట్టు నా ఫోన్ది. మధ్యాహ్నమే ఫోన్ సైలెంట్‌లో పెట్టి, సిగ్నల్ కోసం వసారా కిటికీలో బుట్టలో పెట్టినాను.

తెర మీద ఇద్దరు. నెరిసిన జుట్టు ఒక పెద్ద మేడమ్, పక్కన ఒక సన్నటి సారు. మేడమ్ మొహం చాలా మంచిది. రూతుని పేరు పెట్టి పలకరించింది. ఆ తర్వాత ఆమె చూపు రూతు వెనక్కి పోయింది. కళ్ళద్దాలు సర్దుకుంది.

ఇల్లు చాలా అందంగా ఉంది, ఎప్పుడూ ఇట్లనే ఉంటుందా అని అడిగింది ఇంగ్లీషులో. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది. రూతు నోరు తెరిచేలోపే నేను తల దూర్చినాను.

"డైలీ, మేడమ్."

రూతు నా కాలు తొక్కింది. నేను అది ఉత్సాహం అనుకున్నాను.

ఇంట్లో ఎంతమంది ఉంటారు అని సారు అడిగినాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు నాలుక మీదే ఉంటుంది కదా. "ఫోర్ మెంబర్స్ సార్. బట్ సిట్టింగ్ కెపాసిటీ త్రీ హండ్రెడ్," అన్నాను. సారు ఆ మాట రాసుకోవడం నా కళ్ళతో చూసినాను. గర్వంగా అనిపించింది.

మేడమ్ కాగితం చూసి, తండ్రి పని కన్‌స్ట్రక్షన్ అని రాసి ఉంది, ఏ రకం పని అని అడిగింది. ఈసారి కూడా రూతుకి అవకాశం ఇవ్వలేదు. "మెనీ బిల్డింగ్స్, మేడమ్. మార్కాపూర్, గిద్దలూర్, కంభం, ఆల్ బిల్డింగ్స్," అని బావ వైపు చెయ్యి చూపించినాను. బావ సింహాసనం మీద నుంచి మెల్లగా, "కట్టినా గానీ, అవి మనవి కాదు గదరా," అన్నాడు. తెలుగులో అన్నాడు కాబట్టి సరిపోయింది.

అవ్వ ఊరుకుంటుందా? ముందుకి వంగి, "అమ్మా, బువ్వ తిన్నావా?" అని అడిగింది. రూతు దాన్ని ఇంగ్లీషులో చెప్తే మేడమ్ నవ్వి, ఇంకా లేదు, ఇక్కడ పదకొండే అయ్యింది అన్నది. "పదకొండయినా తినలేదంట, పాపం," అని అవ్వ అక్కతో చెప్పుకుంది.

ఆ తర్వాత మేడమ్ రూతుని, నువ్వు ఎక్కడ కూర్చొని చదువుకుంటావు, ఆ చోటు చూపిస్తావా అని అడిగింది. రూతు వెంటనే లేచింది. బంగారు పరదా అంచు పట్టుకొని పక్కకి లాగబోయింది. దాని వెనక ఉన్నది ఒక కాలు విరిగితే ఇటుక పెట్టిన చెక్క బల్ల. నేను చటుక్కున పరదా కింది అంచు మీద కాలు వేసి నిలబడినాను. ఆమె లాగుతుంది, నేను తొక్కిపెడతాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు అప్పుడు అర్థమై ఉంటే ఎంత బాగుండేదో.

సరిగ్గా అప్పుడు వీధిలో ట్రాక్టర్ ఆగింది.

రమణయ్యన్న మధ్యాహ్నం రెండింటి నుంచి నాకు ఫోన్ చేస్తున్నాడంట. ఫోటోలవాడు ముందుగా స్టేజీ అడిగినాడంట. ఫోన్ ఎత్తకపోయేసరికి షాపుకి పోయినాడు. ఖాళీ. సామానంతా అక్క ఇంటికి పోయిందని పక్క దుకాణంలో చెప్పినారు. ముగ్గురు మనుషుల్ని, ట్రాలీని వేసుకొని నేరుగా వచ్చేసినాడు. తలుపు వేసుకుందామంటే తలుపు ఏది? నేనే ఊడదీయించినానాయె.

"ఏం దావీదు, అడ్వాన్స్ తీసుకొని నా కూతురి సింహాసనం మీద మీ అమ్మని కూర్చోబెడతావా?" అన్నాడు గుమ్మంలో నుంచే.

"అన్నా, పది నిమిషాలు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"పది నిమిషాలు లేవు, అయిదు నిమిషాలు లేవు. ఎత్తండిరా."

ఎత్తినారు. ముందు బావ లేచి నిలబడినాడు, అలవాటైన మనిషి లాగ తనే ఒక చెయ్యి వేసి సింహాసనం మోయించినాడు కూడా. అవ్వ మాత్రం దిగనంది. సింహం మొహాలు రెండూ గట్టిగా పట్టుకొని, "నేను బతికుండగా దీన్ని తీసుకపోలేరు," అని రాగం తీసింది. ఆమెకి ఆ గంటలోనే దాని మీద మమకారం పుట్టింది. ఇద్దరు ఆమెని సింహాసనంతో సహా వాకిట్లోకి మోసుకపోయి అక్కడ దించినారు. అక్క వెనకాలే, "మెల్లగా నాయనా, నడుము నొప్పి మనిషి," అంటూ పోయింది. కార్పెట్ చుట్టినారు. మేక లేవలేదు, దాన్ని కూడా కాస్త దూరం చుట్టినారు.

లాప్‌టాప్‌లో మేడమ్ లేచి నిలబడింది. ఎవరు ఈ మనుషులు, బ్యాంకువాళ్ళా, మీకేమైనా ప్రమాదమా, మేం ఎవరికైనా ఫోన్ చేయాలా అని అడుగుతోంది. "రిలేటివ్స్, మేడమ్. ఫంక్షన్, మేడమ్," అని నేను అరుస్తున్నాను. రూతు ఏదో చెప్పబోయింది. అంతలో పరదాలు ఊడి కిందపడినాయి. గోడ, బస్తా, పెట్టె, క్యాలెండరు, ఇటుక మీద బల్ల, అన్నీ ఒక్కసారిగా బయటపడినాయి. మేడమ్ మళ్ళీ కళ్ళద్దాలు సర్దుకుంది. చివరికి ఒకాయన వచ్చి లైట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా మాదే కదా అని పీకి చుట్టుకున్నాడు. దాంతో లాప్‌టాప్ ఆరిపోయింది.

వాళ్ళు పోయినాక ఇల్లంతా ఖాళీగా ఉంది. రూతు సిమెంటు నేల మీద కూర్చుంది. తిట్టలేదు. తిట్టుంటే నాకు తేలికగా ఉండేది.

"మామా, అది డబ్బు లేనోళ్ళకి ఇచ్చే గది. మన ఇల్లు ఎట్ల ఉందో అట్ల చూపిస్తే చాలు. అందుకే నాయన కూలి కాగితం, ఆదాయం సర్టిఫికెట్ అన్నీ పంపినా," అన్నది. నా వైపు తిరిగి, "మా ఇల్లు నీకు అంత సిగ్గుగా ఉందా?" అని అడిగింది.

సిగ్గు ఇంటిని చూసి కాదమ్మా అని చెప్పాలనుకున్నాను. కానీ కాలు వేసి పరదా తొక్కిపెట్టినవాడు ఆ మాట ఎట్ల అంటాడు? ఒంగోలు పోయేదాకా ఆ పిల్ల ఆ బల్ల దగ్గరే చదివింది. ఆ ఇటుక పెట్టింది కూడా వాళ్ళ నాయనే. అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది నాకు. బయటికి పోయి ఊడదీసిన తలుపు బిగించినాను, కనీసం అదన్నా నా చేతనైన పని అని. అది కూడా తలకిందులుగా బిగించినానని బావ తర్వాత చెప్పినాడు.

ఆ సాయంత్రమే రూతు వాళ్ళకి మెయిల్ రాసింది. ఉన్నదున్నట్టు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క వాక్యం తెలుగులో చదివి వినిపించింది. "మా మేనమామకి కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం ఉంది. మీరు మా ఇల్లు చూస్తారని అనుకొని, మీకు మర్యాద చేయాలని తన సామానంతా తెచ్చినాడు. వచ్చి తీసుకపోయింది బ్యాంకువాళ్ళు కాదు, ఆ సామాను బుక్ చేసుకున్నవాళ్ళు. మా నాన్న భవనాల యజమాని కాదు, వాటికి గోడలు కట్టే మనిషి."

"మంచి ఉద్దేశంతో అని ఒక మాట కలపరాదా?" అన్నాను.

"కలిపినా మామా. రెండుసార్లు," అన్నది.

రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. గురువారం జవాబు వచ్చింది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయంట, ఇంటి పరిస్థితి వాటిల్లోనే తెలిసిందంట. మరి కాల్ ఎందుకంటే, ఆ పిల్ల అంత దూరం ఒక్కతే ఉండి ఎట్ల నెట్టుకొస్తుందో ఆమె నోటి నుంచే వినాలని. మంగళవారం కాల్‌లో అభ్యర్థి మాట్లాడింది చాలా తక్కువ అని, వచ్చే బుధవారం మళ్ళీ మాట్లాడదామని రాసినారు. చివర్లో ఒక లైను. ఈసారి రూతు ఒక్కతే ఉంటే మంచిది అని. ఎంత మర్యాదగా రాసినారో, అయినా అది ఎవరి గురించో అవ్వకి కూడా అర్థమైంది.

అక్క అదే రోజు తీర్మానం చేసేసింది. "ఒరే దావీదు, బుధవారం నువ్వు పొదిలికి పో."

"అంత దూరం పొదిలిలో నాకేం పని అక్కా?"

"పోయి వెతుక్కో."

"పేటలోనే ఉంటా, షాపులో. ఇటు దిక్కు రాను."

"నాలుగు కిలోమీటర్లే. నీ ట్రాలీకి పది నిమిషాలు. పొదిలికి పో."

పోయినాను. ఫోన్ కూడా నా దగ్గర లేదు, నెట్టు కోసం రూతుకే ఇచ్చినాను. పొదిలి బస్టాండులో కూర్చొని నాలుగు టీలు తాగినాను. మూడున్నర అయ్యింది. ఒక్కతే మాట్లాడుతుంటుంది. ఏమడుగుతున్నారో, కరెంటు పోయిందో ఏమో. ఆ బెంచీ మీదే కళ్ళు మూసుకొని ప్రార్థన చేసినాను. ప్రభువా, ఆ పిల్లకి ఆ గది ఇప్పించు, నా తప్పు ఆమె లెక్కలో రాయొద్దు అని. కళ్ళు తెరిస్తే పక్కనాయన, ఎవరికన్నా ఒంట్లో బాగలేదా అన్నా అని అడిగి ఒక అరటిపండు ఇచ్చినాడు.

సాయంత్రం అక్క ఇల్లు చేరేసరికి రూతు వసారాలో కూర్చొని ఉంది. ఎనిమిది నిమిషాల్లో అయిపోయిందంట. ఎంత డబ్బుతో ఎట్ల గడుపుతావు, వంట వచ్చా, చలికి తట్టుకుంటావా, ఒంటరిగా అనిపిస్తే ఏం చేస్తావు, ఇట్లాంటివి అడిగినారంట. బల్ల కూడా చూపించిందంట. మేడమ్ ఆ ఇటుకని చూసి, తను చదువుకునే రోజుల్లో తన బల్ల కింద పుస్తకాలు పెట్టుకునేదాన్నని చెప్పిందంట.

శనివారం మెయిల్ వచ్చింది. గది ఇచ్చినారు. చదువు అయ్యేదాకా సగం అద్దెకి. అక్క ఏడ్చింది, బావ బయటికి పోయి చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడినాడు, నేను ఇద్దరికంటే ఎక్కువ ఏడ్చినాను. ఎన్ని చెప్పండి, ఇరవై రెండేళ్ళలో ఇంత సంతోషం ఏ ఫంక్షన్లోనూ చూడలేదు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాలప్పుడు, రూతు లేచి నిలబడింది. నేను ముందు వరసలోనే కూర్చున్నాను, నా పేరు వస్తుందని తెలుసు కాబట్టి చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకున్నాను. సీటు ఇచ్చిన దేవునికి స్తోత్రం అన్నది, లోన్ ఇప్పించిన దేవునికి స్తోత్రం అన్నది. తర్వాత నా వైపు చూసి, "ఆ బుధవారం మా మామని పొదిలిలోనే ఉంచిన దేవునికి స్తోత్రం," అన్నది.

సంఘమంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా అక్క.